నేలకంటిన మడమ

బుకోమ్‌లో గుద్దడం నేర్పే గురువులకు కొదవ లేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ బెస్తపేటలో ఇంటికొకడున్నాడు, కొన్ని ఇళ్ళలో ఇద్దరు కూడా. అందరిదీ ఒకటే మాట: గుద్దు పుట్టుకతో రావాలి, లేనివాడికి ఎంత నేర్పినా చెమటే తప్ప గుద్దు రాదు అని. నోర్టే ఒక్కడే అడ్డంగా మాట్లాడేవాడు. "పుట్టుకా లేదు, పాడూ లేదు. రోజుకు వెయ్యిసార్లు గుద్దండి, అదే వస్తుంది" అంటూ పొద్దున వలలు బాగుచేసిన చేతులకే సాయంత్రం ప్యాడ్లు తొడుక్కునేవాడు. తను చెప్పేది అబద్ధమని అతనికి తెలుసు. అతని కుడిచేతికి ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఇరవయ్యారేళ్ళ వయసులో పేటకూ పేటకూ మధ్య సముద్రం ఒడ్డున జరిగే ముష్టియుద్ధంలో ఆ చెయ్యి ఒక్కసారి కదిలింది. ఎదుట ఉన్నవాడు ఒకైన్. పగవాడేం కాదు, ఒకే పడవలో చేపలు పట్టినవాడు. పడినవాడు మూడోరోజు లేచాడు. మాట మాత్రం లేవలేదు. ఇప్పటికీ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉంటాడు. శనివారం శనివారం నోర్టే ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్నపిండి ముద్ద కెంకీ, వేయించిన చేప, మిరపకాయ పచ్చడి పట్టుకెళ్ళి అతని ఒళ్ళో పెడతాడు. ఒకైన్ తింటాడు, నవ్వుతాడు. తిన్నంతసేపూ అతని చూపు నోర్టే కుడిచేతి మీదే ఉంటుంది.

ఆ ముష్టియుద్ధానికి మూడు నెలల ముందు నోర్టే అక్క డేడే కొడుకును కన్నది. ఎనిమిదోనాడు తెల్లవారకముందే బిడ్డను మొదటిసారి బయటికి తెచ్చి, నేల మీద పడుకోబెట్టి, నీళ్ళు చిలకరించి ఎత్తుకుంటారు. ఎత్తుకున్నవాడి గుణమే బిడ్డకు వస్తుంది. అందుకే ఎవరిచేత ఎత్తించాలా అని ఇంటిల్లిపాదీ పదిసార్లు ఆలోచిస్తారు. డేడే ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ ఏడు నాలుగు వీధులకూ మొనగాడు ఆమె తమ్ముడే. "నా కొడుక్కి నీ చెయ్యి రావాలిరా" అని అతనిచేతే ఎత్తించింది. తర్వాత ఒకైన్ పడిపోయాడు. ఇక ఏం లాభం? బిడ్డను మళ్ళీ నేలమీద పెట్టి ఇంకొకరిచేత ఎత్తించడానికి వీల్లేదు.

ఆ బిడ్డే సోవా. పదిహేనేళ్ళప్పుడు జిమ్ముకొచ్చి మొదటిసారి మేనమామ ప్యాడ్ మీద కుడిచేత్తో గుద్దాడు. తడిసిన వల పడవ చెక్కల మీద పడ్డ చప్పుడయింది. నోర్టే చెయ్యి మోచేతిదాకా తిమ్మిరెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. నోర్టే మాత్రం ప్యాడ్ దించేశాడు. ఆ చప్పుడు అతను ఇదివరకు ఒక్కసారే విన్నాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నోర్టే దాన్ని మడమతో పోగొడదామనుకున్నాడు. గుద్దు చేతిలో పుట్టదని గుద్దేవాళ్ళకు తెలుసు. అది వెనక కాలి మడమ పైకి లేచినప్పుడు నేలలోంచి బయలుదేరి, నడుములో తిరిగి, భుజం దాటి పిడికిట్లోకి వస్తుంది. మడమ లేవకపోతే చెయ్యి తాకుతుంది, అంతే. అతను సుద్దముక్కతో సిమెంటు నేల మీద గుండ్రంగా గీసి, సోవా కుడి మడమను అందులో పెట్టించాడు. పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మడమ వెంట్రుకవాసి లేచినా అరచేత్తో నేలమీద టపీమని కొట్టేవాడు. చప్పుడవగానే మడమ దిగాలి. అలా రోజుకు వెయ్యిసార్లు, ఏడేళ్ళు.

కుర్రాడు బంగారం. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. పాయింట్లమీద గెలుస్తూ వచ్చాడు, ఒక్కణ్ణీ పడగొట్టలేదు. వీధిలో ఆడవాళ్ళు కూడా "ఏరా, ఉడకని కెంకీ! ఇవాళ ఎవరి చెంప నిమిరావు?" అని ఆటపట్టించేవాళ్ళు. నోర్టే మనసులో దేవుడికి దండం పెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, పెళ్ళయింది, పెళ్ళాం కడుపుతో ఉంది. ఒక్క ఒకైన్‌నీ తయారు చేయకుండా బతికాడు కదా, చాలు అనుకున్నాడు.

అంతలో అజెటేతో పోటీ ఖాయమైంది. పక్కపేట ఛోర్కోర్ మనిషి. చిన్నప్పుడు అతని గుద్దుకు దోమ కూడా చచ్చేది కాదట. పన్నెండేళ్ళు ఇసుక బస్తాను గుద్ది గుద్ది, తడి ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి, పిడికిలిని ఇనుము చేసుకున్నాడు. కిందటి రెండు పోటీల్లోనూ అవతలివాళ్ళను మోసుకునే పోయారు. రెండోవాడు ఇంకా అన్నం తినడం లేదని చేపల బజారులో చెప్పుకుంటున్నారు.

పోటీకి రెండు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం డేడే జిమ్ముకొచ్చింది. పొయ్యి మీద కెంకీ వదిలేసి వచ్చింది, చేతులకింకా పిండి ఉంది.

"ఒరే నోర్టే, నిజం చెప్పు. నా కొడుకు దగ్గర గుద్దు ఉందా లేదా?"

"పాయింట్లు తెస్తున్నాడుగా అక్కా..."

"పాయింట్లు పెట్టి పచ్చడి నూరుకోనా? ఆ అజెటే గాడు మనుషుల్ని పీనుగుల్ని చేస్తున్నాడు. వీడు ఎదురు దెబ్బ కొట్టకపోతే ఆగుతాడా వాడు? ఆ తెల్లారుజామున వీణ్ణి నీ చేతుల్లో పెట్టానే, నీ చెయ్యి వీడికి రాకుండా ఎటు పోయిందిరా?"

నోర్టే తల దించుకుని సుద్దగీత చూపించాడు. ఏడేళ్ళ సంగతీ చెప్పాడు.

"ఊళ్ళో పిల్లల గురించి భయపడ్డావు. నా పిల్లాడి గురించి ఎవడ్రా భయపడేది?" అంది డేడే.

ఆ సాయంత్రం నోర్టే తడిగుడ్డతో గీత తుడిచేశాడు.

"మడమ ఎత్తి కొట్టరా."

సోవా నవ్వాడు. "ఏడేళ్ళు దించు దించు అని చంపావు కదా మావయ్యా, ఇప్పుడు ఎత్తాలా? ఎండ దెబ్బేమైనా తగిలిందా నీకు?"

"ఎత్తరా అంటుంటే!"

మొదటి యాభైసార్లు మడమ లేవలేదు. దానికి లేవడం మరుపొచ్చింది. తర్వాత ఒక్కసారి లేచింది. తడిసిన వల, పడవ చెక్క. నోర్టే చెయ్యి భుజందాకా తిమ్మిరెక్కింది. సోవా తన పిడికిలి వంక ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"ఇది నాదేనా మావయ్యా?"

"నీదేరా. నేనే దాచాను."

శనివారం పొద్దున నోర్టే ఎప్పట్లాగే ఒకైన్‌కి కెంకీ పట్టుకెళ్ళాడు. ఒకైన్ పొట్లం విప్పలేదు. నోర్టే కుడిచెయ్యి పట్టుకుని, బోర్లించి, తన మోకాలి మీద అదిమిపెట్టి ఉంచాడు. విడిపించుకోవడానికి నోర్టేకి బలం చాలలేదు, మనసూ రాలేదు. పోటీకి వేళవుతోందని పక్కింటివాళ్ళు వచ్చి అతని వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

పోటీలో నాలుగు రౌండ్లదాకా సోవా తప్పించుకుంటూ తిరిగాడు. ఎడమచేత్తో తాకాడు, జరిగాడు. అజెటే దెబ్బలు భుజాల మీద, మోచేతుల మీద పడుతున్నా ఆ చప్పుళ్ళకు ముందు వరుసవాళ్ళు మొహాలు తిప్పుకుంటున్నారు. రౌండుకీ రౌండుకీ మధ్య నోర్టే ఒక్కటే చెప్పాడు: "మడమ ఎత్తరా నాయనా, ఒక్కసారి."

అయిదో రౌండులో అజెటే అతన్ని నోర్టే ఉన్న మూలకే తోసుకొచ్చాడు. సోవా మడమ నోర్టే కళ్ళకు జానెడు దూరంలో ఉంది. అజెటే కుడిచెయ్యి వెనక్కి తీస్తూ గడ్డం కాచుకోకుండా వదిలేశాడు. సోవా అది చూశాడు. మడమ కదిలింది, నేలను వదిలింది, పైకి లేచింది.

అప్పుడు నోర్టే అరచెయ్యి రింగు అంచుమీద టపీమని కొట్టింది.

అతను కొట్టలేదు. చెయ్యే కొట్టింది. రోజుకు వెయ్యిసార్లు, ఏడేళ్ళు కొట్టిన చెయ్యి, మడమ లేవడం చూసి ఊరుకోలేకపోయింది. చప్పుడు వినగానే సోవా మడమ బుద్ధిగా కిందికి దిగింది. ఉత్త చెయ్యి వెళ్ళి అజెటే గడ్డాన్ని నిమిరింది. పన్నెండేళ్ళు సాధన చేసిన అజెటే గుద్దు సోవా మీదికి తిరిగొచ్చింది.

ఇప్పుడు శనివారాలు నోర్టే రెండు పొట్లాలు పట్టుకెళుతున్నాడు. జిమ్ముకు పోవడం మానేశాడు. గుద్దు పుట్టుకా సాధనా అని కుర్రాళ్ళు దారిలో ఆపి అడిగితే పక్కకు తప్పుకుని నడిచిపోతాడు.

నాలుగు నెలలకు సోవాకు కొడుకు పుట్టాడు. ఎనిమిదోనాడు మసకచీకట్లో బిడ్డను నేల మీద పడుకోబెట్టి నీళ్ళు చల్లారు. ఎవరిచేత ఎత్తించాలా అని పెద్దలు ఎవరెవరి పేర్లో అనుకుంటున్నారు. గోడవారన కుర్చీలో ఉన్న సోవా మూతి కదిలించాడు, మాట రాలేదు. చేత్తో మేనమామ వైపు చూపించాడు. అతనికి ఏది గుర్తుందో, ఏది లేదో ఎవరికీ తెలియదు. అందరూ డేడే వంక చూశారు. డేడే తమ్ముడి వంక చూసింది.

నోర్టే రెండు చేతులూ వెనక్కి దాచుకుని నిలబడ్డాడు. కింద బిడ్డ చలికి ఏడుస్తున్నాడు.