పాచక్క పోసిన చుక్క

మా ఆల్చిప్పల హేచరీలో ఆమెను అందరం పాచక్క అనేవాళ్ళం. ఆల్చిప్ప పిల్లలకు మేతగా వేసే సముద్రపు పాచిని గాజుబుడ్లలో పెంచడం ఆమె పని. కంటికి ఆనని ఆ జీవులతో కబుర్లాడేది, కోప్పడేది. రంగు వెలిసిన బుడ్డిని పారబోయాలన్నది నియమం. ఆమెకు చేతులు రావు. మంచి బుడ్డిలోంచి సన్నటి గాజు గొట్టంతో ఓ చుక్క తీసి అందులో పోసి, అదే గొట్టాన్ని మళ్ళీ మంచిదాంట్లో ముంచేది.

"చచ్చేదాన్ని బతికిస్తే పుణ్యమేగా," అనేది.

ఆ పుణ్యమే కొంప ముంచింది. మైక్రోస్కోపులో చూస్తే పాచి కణాల్లోకి దూరి, వాటిని లోపల్నుంచి తినేస్తున్న పరాన్నజీవి కనిపించింది. గొట్టంతోపాటు అన్ని బుడ్లకూ పాకింది. దాని పూర్వీకులు కూడా ఎండతో తిండి వండుకుని బతికినవేనని మా పెద్దసారు చెప్పారు. పక్కవాళ్ళ దగ్గర తేరగా దొరికేకొద్దీ ఒక్కో విద్యా మరిచిపోయాయట. ఆ పాత పచ్చదనం తాలూకు సంచి మాత్రం ఇంకా లోపల ఉంది, కానీ ఎండతో తిండి వండడానికి పనికిరాదు.

బుడ్లన్నీ మేమే పారబోశాం. పాచక్క ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ పురుగుల్ని కాసిన్ని తీసి, ఉత్త సముద్రపు నీళ్ళలో వేసి, దీపం కింద పెట్టి చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి వాటి కదలిక ఆగిపోయింది.

"విడిగా బతకలేదు, చూశావా?" అంది నాతో. ఆమె బెంగ పురుగు గురించి కాదని నాకు తెలుసు.

ఆమె తమ్ముడు ఒకప్పుడు పడవ ఇంజన్ల మెకానిక్కు. నడుం దెబ్బతింటే ఇంటికి తెచ్చుకుంది. నడుం నయమైంది గానీ, మనిషి మంచం దిగలేదు. దిగనిస్తేగా! మంచినీళ్ళు ముంచుకోబోయినా "నువ్వుండరా" అనేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఆ ఇంట్లో కరిగింది మనిషి. మంచం కింద నట్లు విప్పే పానాల పెట్టె ఉండేది. అప్పుడప్పుడూ తీసి, పానాలకు నూనె రాసి, మళ్ళీ లోపలికి తోసేవాడు.

ఆ వారమే పడవల షెడ్డు మేస్త్రీ కబురు పెట్టాడు. పనుంది, షెడ్డులోనే ఉండాలి, సోమవారం తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. పాచక్కకు తిండి సహించలేదు.

"అక్కడ వీడు బతకడు. నువ్వూ చూశావుగా," అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ పురుగుకు విద్య మరిచిపోడానికి కోట్ల ఏళ్ళు పట్టిందక్కా. మీవాడికి చేతులింకా ఉన్నాయి. ఒక్కసారి వెళ్ళనీ."



సోమవారం పొద్దున ఆమెతో కలిసి పనికి వెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో మేస్త్రీ ఉన్నాడు.

"మీవాడు రెడీయేనా అమ్మా?"

పాచక్క రెండు చేతులూ తలుపుకు అడ్డంపెట్టి నిలబడింది. "వాడికి మళ్ళీ నడుం పట్టేసిందన్నా. ఇంకెవర్నైనా చూసుకో."

మేస్త్రీ నిట్టూర్చి వెళ్ళిపోయాడు. ఆమె పక్కకు జరిగాక లోపల తమ్ముడు కనిపించాడు. తల దువ్వుకుని, బూట్లేసుకుని ఉన్నాడు. చేతిలో పానాల పెట్టె. అంతా విన్నాడు. నోరు తెరవరా నాయనా అని మనసులో మొత్తుకున్నాను. అతను అక్కనే కాసేపు చూసి, గదిలోకి వెళ్ళాడు. పెట్టె మంచం కిందికి జరిగిన చప్పుడైంది.

"కాఫీ తేనా?" అని అడిగింది పాచక్క.

"ఊఁ," అన్నాడు.