మావయ్య మీసమూ, గేములో కొండా

ఆ దసరా సెలవుల్లో మా మావయ్య మీసం ఉండడమా ఊడడమా అన్నది ఒక కొండ మీద ఆధారపడింది. ఆ కొండ భూమ్మీద ఎక్కడా లేదు. మా హాస్టల్ మిత్రుడి దగ్గర నేను అడిగి తెచ్చుకున్న వీడియో గేములో, అరచేతిలో పట్టే తెర మీద, ఆకాశానికీ గడ్డికీ మధ్య అతికించిన నీలం బొమ్మ అది. ఈ సంగతి ఆ ఇంట్లో మొదటినుంచీ నాకు తెలుసు. చెప్పాను కూడా. వివరంగా, వరస క్రమంలో చెప్పాను. బహుశా అందుకే ఎవరూ వినలేదు.

నేనప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సెలవులకి తాతయ్యగారి ఊరు వెళ్ళాను. ఆత్రేయపురం దగ్గర, కాలవ గట్టు మీది పల్లె. గేము పెట్టె రెండు పెన్సిల్ సెల్లులతో నడిచేది. తెర వెనక దీపం లేదు కాబట్టి చీకట్లో ఏమీ కనబడదు, నీడలో సగం కనబడుతుంది, వీధి అరుగు మీద కూర్చుని ఎండకి కాస్త ఏటవాలుగా పట్టుకుంటే పూర్తిగా కనబడుతుంది. అందువల్ల ఆడేది ఒకడైనా చూసేవాళ్ళంతా అదే కోణంలో మెడ వంచాలి. దూరం నుంచి చూస్తే అరుగు మీద అందరికీ ఒకేసారి మెడ పట్టేసినట్టుండేది.

ఊళ్ళో వాళ్ళకి వీడియో గేములు కొత్త కాదు. టీవీకి తగిలించేవి చూశారు. వాటిలో మనిషి ఎడం నుంచి కుడికి పరిగెడతాడు, దూకుతాడు, చస్తాడు. ఇందులో అలా కాదు. ఇది కార్ల పందెం. రోడ్డు మన ముందు నుంచి లోపలికి వెళ్తుంది. మొదటిసారి చూసినప్పుడు తాతయ్య పెట్టెని నా చేతిలోంచి తీసుకుని, తిరగేసి, వెనకవైపు తడిమారు.

"లోపలికి ఇంత రోడ్డుంది కదరా. వెనకాల చూస్తే బిస్కెట్ పొట్లమంత మందం కూడా లేదేంటి?"

సరైన ప్రశ్నే. ఆ రోజుల్లో అంత చిన్న యంత్రానికి నిజమైన మూడు కొలతల బొమ్మలు గీసే ఓపిక లేదు, అందుకని మోసం చేసేది. మోసాలు మూడు రకాలు. రోడ్డు నేల మీద పరిచిన చాప లాంటి బొమ్మ, మనకి దగ్గరగా ఉన్న గీతల్ని వెడల్పుగా, దూరంగా ఉన్నవాటిని ఇరుగ్గా సాగదీసి చూపిస్తుంది. చెట్లు అట్టముక్కలు, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవి చేస్తుంది, ఎటునుంచి చూసినా మనవైపే మొహం తిప్పి నిలబడతాయి. ఇక కొండ. కొండ వెనకాల కట్టిన నాటకం తెర. కారు ఎడమకి తిరిగితే అది కుడికి జరుగుతుంది, కుడికి తిరిగితే ఎడమకి జరుగుతుంది. అంతే. పెద్దది కాదు, దగ్గరికి రాదు, రావడానికి అక్కడ ఏమీ లేదు.

మావయ్యకి రోడ్డూ చెట్లూ పట్టలేదు. కొండ పట్టుకుంది.

దానికి కారణం తుని. మా వదినకి, అంటే మావయ్య కూతురికి, తుని సంబంధం కుదిరింది. పెళ్ళిచూపులప్పుడు పెళ్ళికొడుకు తండ్రి అరుగు మీద నిలబడి నాలుగు దిక్కులా చూసి, "మా ఇంట్లో కిటికీ తీస్తే కొండేనండి. మీకు ఇటు చూసినా చేలే, అటు చూసినా చేలే. పొద్దున్న లేచి దేన్ని చూత్తారండీ?" అన్నాడట. ఆయన మామూలుగానే అన్నాడు. మావయ్య మాత్రం అప్పటినుంచీ తన ఊరికి ఒక కొండ తక్కువైందన్న బాధలో ఉన్నాడు. మా ఇంటి నుంచి ఎటు చూసినా కాలవ గట్టే పర్వతం.

కాబట్టి గేము చేతికి రాగానే మావయ్య పందెం వదిలేసి కొండవైపు తోలడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఎరువుల కొట్టు నడిపే ఆయన, బేరాలు లేనప్పుడల్లా వచ్చి మెడ వంచి చూసేవాడు.

"ఎంతసేపు తోలినా ఆ కొండ అక్కడే ఉందండి," అన్నాడు ఒక పొద్దున్న. "నిన్నట్నుంచి చూత్తన్నాను."

"మలుపులు దాటాక వస్తాదండి."

"రాదండి."

"రాకేం, దానికేం పనుందండీ అక్కడ?"

"ఆయ్, మీరు ట్రాక్టరు తోలినట్టు తోల్తే మీ మనవలు పుట్టాక వస్తాదండి."

అరుగు మీద నలుగురూ నవ్వారు. మావయ్య పెట్టె కింద పెట్టాడు. మీసం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం సాయంత్రం మా మేనల్లుడు కాకినాడ బస్సెక్కేలోపల నా కారు ఆ కొండకి ఆనకపోతే, ఈ మీసం తీయించేత్తాను."

పడక్కుర్చీలో తాతయ్య పేపరు కిందికి దించారు.

"నేనింకా ఉన్నాన్రా," అన్నారు.

ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. పెద్ద వయసు వచ్చేదాకా మీసంతో తిరిగిన మనిషి ఉన్నట్టుండి మీసం లేకుండా కనబడితే మా వైపు ఎవరైనా అనుకునేది ఒకటే: తండ్రి పోయాడని. పైగా వచ్చే బుధవారమే మా ఇంట్లో వదిన నిశ్చితార్థం. తుని నుంచి రెండు వ్యాన్లలో వియ్యాలవారు దిగుతారు, మావయ్య మొహం చూస్తారు, చేతులు పట్టుకుని "ఎప్పుడు జరిగిందండీ" అంటారు, ఏడాది దాకా శుభకార్యం కుదరదని వెనక్కి తిరుగుతారు. సరిగ్గా అప్పుడే తాతయ్య లోపల్నుంచి వచ్చి "దయచేయండి" అంటారు.

"తిరుపతి వెళ్ళొచ్చానని చెప్తాను," అన్నాడు మావయ్య లోపలికెళ్ళాక.

"తల మీద జుట్టు వదిలేసి మీసం ఒక్కటే అడిగే దేవుడు ఏ ఊళ్ళో ఉన్నాడండీ?" అంది అత్తయ్య.

"పోనీ మీసం పందెం లేదని చెప్పెయ్యి మావయ్యా," అన్నాను నేను.

ఇద్దరూ నావైపు జాలిగా చూశారు. ఎరువుల కొట్టాయన ముందు అన్నమాట వెనక్కి తీసుకోవడం అనేది మీసం తీయించుకోవడం కన్నా కింది మెట్టు అని నాకు తెలియనందుకు.

ఇక నేను సాంకేతికంగా రంగంలోకి దిగాను. ముందు, కొండ అనేది లేదని ఒప్పించడానికి ప్రయత్నించాను. "మావయ్యా, రాత్రి బస్సులో రావులపాలెం వెళ్తుంటే చందమామ మన వెంటే వస్తాడు, దగ్గరికి రాడు కదా. ఇదీ అంతే."

"చందమామ మీద మనుషులు దిగారు కదరా."

ఆ ఉదాహరణని పక్కన పెట్టాను. మావయ్య రోడ్డు దిగి, గడ్డిలోంచి తిన్నగా కొండవైపు పోనిచ్చాడు. కాస్త దూరం వెళ్ళాక తెర ఒకసారి మూసుకుని తెరుచుకుంది. కారు మళ్ళీ రోడ్డు మీద ఉంది, ముక్కు పందెం వైపు తిరిగి.

"ఎవర్రా నన్ను ఎత్తి ఇక్కడ పెట్టింది?"

"ప్రోగ్రామ్, మావయ్యా. గడ్డిలోకి వెళ్ళనివ్వదు."

"దాని సొమ్మేం పోయింది? చేలో పంట కూడా లేదు."

శనివారమంతా మావయ్య ఆ చేలో దిగుతూనే ఉన్నాడు, ప్రోగ్రామ్ ఎత్తి రోడ్డు మీద పెడుతూనే ఉంది. సెల్లులు నీరసించాయి. వాటిని ఇంటి పెంకుల మీద వడియాల పక్కన ఎండబెట్టాం. ఆ తీరిక సమయంలోనే నాకు అసలు విషయం గుర్తొచ్చింది. పందెంలో మొదటి స్థానం వస్తే చివర్లో ఒక బొమ్మ వస్తుంది. హాస్టల్లో ఒక్కసారి చూశాను. అందులో గెలిచిన కారు కొండ కింద, రాళ్ళకి బంపరు ఆనించి ఆగి ఉంటుంది. గేము మొత్తంలో కారూ కొండా కలిసేది అక్కడొక్కచోటే. కొండకి దారి గడ్డిలోంచి కాదు, మొదటి స్థానంలోంచి.

మావయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "అలా చెప్పు. ఘాట్ రోడ్డు అటునుంచన్నమాట."

ఆదివారం పొద్దున్న కొత్త చిక్కు మొదలైంది. మావయ్య గెలవడు. గెలవలేక కాదు. వెనక నుంచి ఏ కారు వచ్చినా పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు. మా కాలవ గట్టు రోడ్డు ఒక బండికే సరిపోతుంది, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేలు. అక్కడి పద్ధతి ప్రకారం ఖాళీ బండి పక్కకి దిగి లోడు బండికి దారి వదలాలి. మావయ్య పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే పద్ధతిలో ట్రాక్టరు నడిపాడు.

"ఎందుకు తప్పుకుంటున్నావు మావయ్యా? అది పందెం కారు."

"మన బండి ఖాళీ కదరా. వాళ్ళ దాంట్లో ఏముందో ఏంటో."

దీనికి పరిష్కారం సులభం అనుకున్నాను. పద్ధతిని మార్చలేకపోతే పరిస్థితిని మార్చాలి. "మన బండి కూడా లోడుతో ఉందనుకో. అప్పుడు ఎవరికీ దారి ఇవ్వక్కర్లేదు."

"ఏం లోడు?"

ఇసుక అనాల్సింది. ధాన్యం అన్నా సరిపోయేది. నేను నోరు తెరిచేలోపల, వియ్యాలవారికి పెట్టడానికి గుమ్మంలో కూర్చుని పూతరేకులు అట్టపెట్టెల్లో సర్దుతున్న అత్తయ్య తలెత్తకుండా, "పూతరేకులు," అంది.

మావయ్య తల ఊపి కొత్త పందెం మొదలుపెట్టాడు. ఎవరికీ దారి ఇవ్వలేదు, అది నిజమే. కానీ మొదటి మలుపు దగ్గర బ్రేకు వేశాడు. రెండో మలుపు దగ్గర దాదాపు ఆపేశాడు. పూతరేకులు గట్టిగా ఊపిరి వదిలితే చిట్లుతాయి, వాటితో ఎవరైనా అలా తిరుగుతారా అని నన్నే అడిగాడు. ఆ పందెంలో మా కారు అన్నిటికన్నా చివర, లోడు చెక్కుచెదరకుండా వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఎరువుల కొట్టాయన సెలూన్ అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను తన కత్తెరల పెట్టె పక్కన పెట్టుకుని అరుగు చివర కూర్చుని టీ తాగుతున్నాడు. "కంగారేం లేదండి, మీరు ఆడుకోండి," అన్నాడు మర్యాదగా. తాతయ్య పేపరు చదవడం మానేసి పైకి, వాసాలకేసి చూస్తూ పడుకున్నారు. గేము పెట్టె మీద సెల్లుల దీపం ఎర్రగా మారింది. మహా అయితే ఇంకొక్క పందెం.

మావయ్య పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. "ఒరేయ్, నువ్వాడు," అన్నాడు. నేను దాన్ని మళ్ళీ ఆయన ముందు పెట్టాను. హాస్టల్లో నేను గెలిచింది ఒక్కసారే, అది కూడా ఎలాగో నాకు తెలియదు.

అత్తయ్య లేచి వచ్చింది. నెయ్యి చేతులు కొంగుకి తుడుచుకుని గేము పెట్టె లాక్కుంది. ఆవిడకి సైకిలు కూడా రాదు. "ఏది నొక్కితే పోద్ది?" అంది. చూపించాను. "ఏది నొక్కితే ఆగుద్ది?" చూపించబోయాను. "అక్కర్లేదు," అంది.

తీర్థం రోజున జనంలో తోసుకుని బస్సెక్కే పద్ధతిలో ఆడింది అత్తయ్య. ముందున్న కారుని పక్కకి నెట్టి, సందులో దూరి, వెనకవాడు ఎంత దగ్గరికొచ్చినా మోచెయ్యి అడ్డం పెట్టినట్టు రోడ్డు మధ్యలోనే ఉంది. మలుపుల్లో చెట్లకి గుద్దుకుంది. అట్టముక్కలే కాబట్టి కారు మళ్ళీ లేచింది. "తప్పుకోండి బాబూ, ఇంటి నిండా చుట్టాలొస్తన్నారు," అంటూ తెరలోని డ్రైవర్లతో మాట్లాడుతూనే ఉంది. ఇంటి నీడ ఎండలోకి జరిగొస్తుంటే మేమంతా ఆవిడతోపాటు అరుగు మీద అంగుళం అంగుళం పక్కకి జరిగాం. సెలూన్ అతను కూడా టీ గ్లాసుతో సహా జరిగాడు.

మొదటి స్థానం. తెర నల్లబడింది, సెల్లులు అయిపోయాయనుకున్నాను. తర్వాత బొమ్మ వచ్చింది. నీలం కొండ, తెర అంత పెద్దది. దాని కింద మా కారు.

"కొండ వచ్చిందిరా," అన్నాడు మావయ్య మెల్లగా.

ఎరువుల కొట్టాయన అంత తేలిగ్గా వదల్లేదు. "మీ కారు అన్నారండి. తోలింది ఆవిడ కదండీ."

పడక్కుర్చీలోంచి తాతయ్య లేచారు. "మీ లారీ డ్రైవరు తోలుకొస్తే ఎరువు డ్రైవరుదవుద్దా? కొట్లో ఎలా అమ్ముతున్నారు మరి?"

కొట్టాయన నావైపు తిరిగాడు. "ఇంజనీరుగారూ, మీరు చెప్పండి. ఆ కారు కొండకి ఆనిందా లేదా?"

నిజానికి కారు ఒక పొర మీద, కొండ ఇంకో పొర మీద గీసి ఉంటాయి. ఆ సంగతి వివరించడానికి నోరు తెరిచి, మావయ్య మీసం వైపు, తాతయ్య వైపు, కత్తెరలు సర్దుకుంటున్న సెలూన్ అతని వైపు చూశాను. తెర కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పరీక్షించాను.

"మధ్యలో ఒక్క చుక్క కూడా ఖాళీ లేదండి," అన్నాను. అది అక్షరాలా నిజం.

తెర ఆరిపోయింది. సెలూన్ అతను వచ్చిన శ్రమ ఊరికే పోకుండా తాతయ్యకి గెడ్డం గీసి వెళ్ళాడు. నేను సాయంత్రం బస్సు మానేసి, గురువారం దాకా ఉండిపోయాను.

బుధవారం తుని వ్యాన్లు దిగాయి. మావయ్య మీసానికి ఆముదం రాసి, చివరలు పైకి దువ్వి ఎదురెళ్ళాడు. పెళ్ళికొడుకు తండ్రి అరుగు మీద నిలబడి మళ్ళీ నాలుగు దిక్కులా చూశాడు.

"మొన్న కొండ దాకా వెళ్ళొచ్చామండి," అన్నాడు మావయ్య, ఆయన అడగకుండానే. "రాళ్ళు తప్ప ఏం లేవండి అక్కడ."

ఆయనకేమీ అర్థం కాలేదు. మర్యాద కోసం తాతయ్య వైపు తిరిగి, "ఒంట్లో ఎలా ఉంటందండీ పెద్దాయనా?" అని అడిగాడు.

"ఆదివారం మధ్యాహ్నం కొంచెం అటూ ఇటూ అయిందండి," అన్నారు తాతయ్య నున్నటి గెడ్డం తడుముకుంటూ. "మా కోడలు గట్టెక్కించింది."