జానయ్య జరిపిన కన్ను

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో జానయ్యకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. నల్గొండ పక్క పల్లె నుంచి పెళ్లిళ్లలో లైటు పట్టుకునే పనికి వచ్చి, చివరికి తనకంటూ ఒక కెమెరా, ఒక నీలం తెర సంపాదించుకున్న మనిషి. ఆయన దగ్గర ఫొటో దిగినవాడికి మొటిమలుండవు, కళ్ల కింద నలుపుండదు, రంగు కూడా ఒక మెట్టు పెరుగుతుంది. ఒకసారి ఎస్సై పరీక్షకు పోయిన కుర్రాణ్ణి గేటు దగ్గర ఆపి, హాల్‌టికెట్ మీదున్నది మీ తమ్ముడా అని అడిగారట. ఆ సంగతిని జానయ్య తన పనితనానికి దక్కిన మెప్పుగానే ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆయన ప్రాణమంతా ఆరేళ్ల మనవరాలు అలేఖ్య మీదే. పిల్ల పుట్టినప్పటి నుంచి ప్రతి పండక్కీ, పుట్టినరోజుకీ తనే ఫొటో తీసి, పెద్దది చేయించి, స్టూడియో గోడకు తగిలించాడు. గిరాకీ లేనప్పుడు ఆ గోడ చూస్తూ కూర్చోవడం ఆయనకు అలవాటు.

కోడలు సంధ్యారాణికి మాత్రం పిల్ల కన్ను గురించే బెంగ. దూరంగా చూసేటప్పుడు, నిద్ర ముంచుకొచ్చేటప్పుడు ఎడమ కన్ను మెల్లగా బయటి పక్కకు జారిపోతుంది. ఎండలోకి వస్తే ఆ కన్ను మూసేసుకుంటుంది. పిలిస్తే మళ్లీ మామూలుగానే చూస్తుంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా జానయ్య ఆమెను గోడ ముందుకు తీసుకుపోయేవాడు.

"నా కెమెరాకు కనవడని మెల్ల నీకెట్ల కనవడ్డదమ్మా?" అనేవాడు.

గోడ నిండా కళ్లు తిన్నగా ఉంటే పాపం ఆమె మాత్రం ఏమంటుంది? తన ఫోన్‌లో తీసినవి పిల్ల కదిలి మసకగా వస్తే, మామ తీసినవి ఉండగా ఇవెందుకని ఎప్పటికప్పుడు తీసేసేది.

ఎటు చూస్తున్నావో తెలియడం లేదని బడిలో పిల్లలు ఏడిపించారని అలేఖ్య ఏడుస్తూ వచ్చిన రోజున ఆమె ఇక ఎవరినీ అడగలేదు. ఎల్బీనగర్‌లో కంటి దవాఖానకు బయల్దేరింది. డాక్టరుకు నచ్చజెప్పడానికి జానయ్య కూడా వెంట వచ్చాడు.

డాక్టర్ ఇంద్రాణి ఒక్కో కన్నూ మూసి చూసింది, దూరంగా బొమ్మ పెట్టి చూసింది. ఇది పిల్లల్లో తరచూ వచ్చేదేననీ, కంటి బయటి పక్కనున్న కండరాన్ని ఆపరేషన్ చేసి సర్దవచ్చనీ చెప్పింది. ఎప్పుడు మొదలైందో తెలియడానికి పాత ఫొటోలు చూపించమంది. సంధ్యారాణి ఫోన్ ఇచ్చింది. అన్నీ మామ పంపినవే. చూస్తూ చూస్తూ డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"పోయిన నెల దాకా కళ్లు ఇంత తిన్నగా ఉన్నాయంటే, ఇది ఉన్నట్టుండి వచ్చిందన్నమాట. అలాగైతే ముందు తలకు స్కాన్ తీయించాలండి. లోపల ఇంకేమీ లేదని తేలాకే ఆపరేషన్ మాట."

ఏళ్ల తరబడి చూస్తున్నానని సంధ్యారాణి అనబోయింది, కానీ మాట పూర్తి కాలేదు. తను చూసింది నిజమో భ్రమో ఆమెకే తెలియకుండా పోయింది. పిల్లను దగ్గరకు లాక్కుని కళ్లనీళ్లు పెట్టుకుంది. జానయ్య కుర్చీలోంచి లేచాడు.

"గిది కొత్తగ వచ్చింది కాదు మేడం. ఏడాది నిండిన సంది గట్లనే ఉన్నది. ఫొటోల్ల నేనే జరిపిన."

"ఏం జరిపారు?"

"కన్ను."

సంధ్యారాణి ముఖం అటు తిప్పుకుంది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది. తన మనవరాలిని ఎవరైనా మెల్లకన్ను పిల్ల అంటారేమోనని మొదటి పుట్టినరోజు ఫొటోలో సరిచేశాడు. తర్వాత చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. గోడ చూసి చూసి చివరికి తనే నమ్మేశాడు. ఈ ముక్కలన్నీ తల వంచుకునే చెప్పాడు.

దిద్దకముందటి ఫొటోలు స్టూడియో కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి. అప్పటికప్పుడు పోయి తెచ్చాడు. అవి చూశాక డాక్టరు స్కాన్ అక్కర్లేదంది. ఆయన చెయ్యి మంచిదేననీ, కాకపోతే ఇకమీదట ఈ పని తనకు వదిలేయమనీ నవ్వింది. వేసవి సెలవుల్లో ఆపరేషన్ అయింది. తను మౌస్‌తో చిటికెలో చేసే పనికి లోపల ఇంతసేపెందుకని, తలుపు ముందు జానయ్య కూర్చోలేక, నిలబడలేక అల్లాడిపోయాడు.

బడి తెరిచే ముందు ఐడీ కార్డుకు ఫొటో కావాల్సి వచ్చింది. కళ్లలో ఎరుపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. తెర మీద ఫొటో చూసిన సంధ్యారాణి, "మామా, జర గా ఎరుపు తీసెయ్యున్రి," అంది.

అలవాటుగా జానయ్య చెయ్యి మౌస్ మీదికి పోయింది, అక్కడే ఆగింది.

"ఉండనియ్ బిడ్డా. ఇంక నేను చెయ్యి పెట్ట," అన్నాడు.

ఒకటి కార్డుకిచ్చి, ఇంకొకటి పెద్దది చేయించి పాత పుట్టినరోజు ఫొటో తీసేసిన మేకుకు తగిలించాడు. ఎర్రెర్రగా ఉన్న ఆ రెండు కళ్లూ తిన్నగా ఆయన్నే చూస్తున్నాయి.