మామయ్యగారి జీపు, అత్తయ్యగారి కాలు

మొన్న బేగంపేట సిగ్నల్ దగ్గర మా జీపు ఆగగానే పక్క కారులోని పెద్దమనిషి అద్దం దించి, "సార్, బండి ఒరిజినలేనా?" అని అడిగాడు. మా ఆయన నవ్వి, "కాదండీ, చాలా మార్చాం" అన్నారు. ఇదే ప్రశ్న రెండేళ్ళ కిందట అడిగి ఉంటే ఆ పెద్దమనిషి పని అయిపోయేది. పచ్చలైటు పడినా సరే, వెనకవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడిచినా సరే, బోల్టు నుంచి బానెట్ దాకా ఏది ఎక్కడ పుట్టిందో మొత్తం చెబితే గానీ మా ఆయన కదిలేవారు కాదు. ఆ పిచ్చి ఆయనకి ఎలా పట్టిందో, ఎలా వదిలిందో చెప్పాలంటే ముందు మా మామయ్యగారి దగ్గర మొదలుపెట్టాలి.

మామయ్యగారు లెక్కల మాస్టారు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని సికిందరాబాదు వచ్చి, కార్ఖానాలో ఇల్లు కట్టుకుని, ఇక ఇక్కడి మనిషే అయిపోయారు. తోటి మాస్టర్లంతా స్కూటర్లు కొనుక్కుంటుంటే ఆయన మిలిటరీ వాళ్ళ వేలంపాటకి వెళ్ళి ఒక పాత ఆకుపచ్చ జీపు పాడుకుని వచ్చారట. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి. గుట్టలెక్కుతుంది, బురదలో ఈదుతుంది. పాపం, మా ఇంటికొచ్చాక అది చూసిన లోకమంతా ఇంటి నుంచి బడి, బడి నుంచి కూరగాయల బజారు, ఆదివారం పూట చర్చి, అంతే. నేను కాపరానికి వచ్చాక ఆ నాలుగు చక్రాలనీ కలిపే రెండో గేరు కర్ర కదలగా చూసింది ఒకే ఒక్కసారి, నాలా పొంగి మా వీధి మునిగిన రోజున. అబ్బో, ఆ రోజు మామయ్యగారి ముఖం చూడాలి! అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ ఎక్కించుకుని, మోకాలి లోతు నీళ్ళలో సాయంత్రం దాకా వీధులన్నీ తిప్పారు. ముందు సీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది అత్తయ్యగారిది. నేనూ పిల్లలూ ఎప్పుడూ వెనక నుంచి ఎక్కి, పక్క బెంచీల మీద ఒకరినొకరు గుద్దుకుంటూ కూర్చునేవాళ్ళం.

మా ఆయనకి మాత్రం వయసులో ఉన్నప్పుడు ఆ జీపంటే తగని సిగ్గు. కాలేజీకి దింపుతానని తండ్రి అంటే, గేటుకి రెండు వీధుల ముందే దిగిపోయేవారట. "అందరి నాన్నలూ మనుషుల్లా బతుకుతుంటే నువ్వేమో యుద్ధానికి బయలుదేరినట్టు వస్తావేం?" అని ఒకసారి ముఖం మీదే అనేశారట కూడా. ఈ మాట నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకి, మామయ్యగారు పోయాక చెప్పుకుని బాధపడ్డారు. ఆయన పోయాక జీపు వరండా ముందు పోర్టికోలో టార్పాలిన్ కింద పడి ఉంది. అమ్మేద్దామంటే మా ఆయన ముఖం మాడ్చుకునేవారు. బాగుచేయిద్దామంటే, రిటైరయ్యాక చూద్దాం అనేవారు. ఈ లోగా వీధిలోని పిల్లులు తరతరాలుగా అందులోనే పురుళ్ళు పోసుకున్నాయి.

రిటైరయిన నెలలోనే అత్తయ్యగారు కొడుకుని పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి. ఏదీ అడిగే మనిషి కాదు, కూరలో ఉప్పు లేకపోయినా అడగరు. అలాంటిది, "ఒరేయ్, నా మోకాళ్ళు రోజుకింత మొండికేస్తున్నాయి. అవి పూర్తిగా మానుకునే లోపల ఒక్కసారి నన్ను మీ నాన్న జీపులో, నా సీట్లో కూర్చోబెట్టి చర్చికి తీసుకెళ్ళరా" అన్నారు. మా ఆయన కళ్ళు తుడుచుకుని, "వచ్చే ఏడు కోత పండక్కి ఖాయం అమ్మా" అని మాటిచ్చారు.

అక్కడితో నా ఇల్లు నాకు కాకుండా పోయింది. మెట్టుగూడ నుంచి బండ్ల మేస్త్రీ రోజూ ఉదయం రావడం, ఇద్దరూ కలిసి జీపుని ముక్కముక్కలుగా విప్పి పోర్టికో అంతా పరవడం. నా ఇడ్లీ రేకుల గుంటల్లో బోల్టులు సైజులవారీగా నానబెట్టారు. ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఏ తలుపు పట్టుకున్నా గ్రీజే. దానికి తోడు మా ఆయన ఫోనులో పాత జీపుల వాళ్ళ గ్రూపు ఒకటి. అందులో ఒక పెద్దాయన చెప్పిందే వేదవాక్కు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున బండి ఎలా ఉందో అలాగే ఉండాలట, తర్వాత చేరిందంతా మురికేనట. సరే, మామయ్యగారు బిగించిన లారీ హారన్ పోయింది. కీర్తనల పుస్తకాలు పెట్టుకునే చెక్క అర పోయింది. ఇక రంగు వేయబోతుండగా, ముందు సీటు పక్కన, కింద వేలాడుతున్న ఇనప ముక్క ఒకటి మిగిలితే అదీ కోసెయ్యమన్నారు. మేస్త్రీ చెయ్యి ఆడలేదు. "సార్, గిది జెర ఉండనియ్యుండ్రి" అన్నాడు. "ఒరిజినల్‌లో లేదయ్యా" అన్నారు మా ఆయన. ఒక్క మాటలో తీర్పు అయిపోయింది. నేనూ తక్కువ తినలేదు. పోర్టికో ఖాళీ అవుతుందన్న సంబరంలో అవన్నీ గోనెసంచిలో కుక్కి, "తీసుకెళ్ళి పాత ఇనుములో వేసెయ్" అని మేస్త్రీ చేతిలో పెట్టాను.

కోత పండగంటే మా చర్చిలో పెద్ద సందడి. ఇంట్లో కాసిందో పండిందో మొదటిది తెచ్చి దేవుడి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అత్తయ్యగారు డాబా మీద కాయించిన గుమ్మడికాయని నేను చంకన ఎత్తుకున్నాను. ఆవిడ జరీ అంచు తెల్లచీర కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బయటికొచ్చారు. అంతవరకూ ఆవిడని జీపు దగ్గరికి రానివ్వలేదు. పూర్తయ్యాకే చూడాలని మా ఆయన పట్టు. కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది బండి. ఆవిడ దాన్ని ఒకసారి తడిమి, సీటు అంచు పట్టుకుని, అలవాటుగా కుడికాలు ఎత్తారు. ఆ కాలు గాలిలో అటూ ఇటూ వెతుక్కుంది. కిందికి చూడలేదు ఆవిడ, చూడాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు కాబోలు. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ వెతికారు. అప్పటికి గానీ నాకు తట్టలేదు, గోనెసంచిలో నేను కుక్కింది ఏమిటో. ఛీ, నా చేతులు విరిగిపోనూ అనిపించింది. మా ఆయన ముఖం పాలిపోయింది. "స్టూలు తెస్తానమ్మా, ఎత్తి కూర్చోబెడతానమ్మా" అని కంగారు పడుతుంటే, "వద్దురా. నలుగురిలో నన్ను మూటలా దింపుతావా? ఆటో పిలువు" అన్నారు అత్తయ్యగారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆటోలో నేనూ ఆవిడా గుమ్మడికాయా. వెనక ఖాళీ జీపులో మా ఆయన ఒక్కరే. చర్చి ఆవరణలో జనం దాని చుట్టూ మూగి, ఫొటోలు దిగి, భలే చేయించావని ఆయన భుజం తట్టారు. దొరికిన దొంగలా నిలబడ్డారు ఆయన.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేసి సంగతి చెబితే, అరగంటలో వచ్చేశాడు. చేతిలో అదే ఇనప ముక్క. "పారేయనీకి దిల్ ఒప్పుకోలే సార్. దుకాణంల దాచి పెట్టిన. గిది నేనే వెల్డింగ్ చేసిన, పని నేర్చుకుంటున్న దినాలల్ల. అమ్మ చీర కాళ్ళకు పడి ఒకసారి జారిన్రంట. పెద్దసార్ అమ్మను నిలబెట్టి, కాలు తక్లీఫ్ లేకుండ ఎంత లేస్తదో గంతకాడ చాక్‌పీస్ తోని గీత కొట్టిండు. గా గీత మీదనే మెట్టు పెట్టిచ్చిండు" అన్నాడు. మా ఆయన లోపలికెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నారు.

మెరిసే కొత్త రంగుని గీకి, మధ్యాహ్నానికల్లా మెట్టుని పాత చోటే బిగించారు. అత్తయ్యగారిని పిలిచాం. సీటు అంచు పట్టుకుని కాలెత్తారు. మెట్టుకి నాలుగు వేళ్ళ కిందనే ఆగిపోయింది కాలు. ఇంకోసారి బిగబట్టి ఎత్తారు. అక్కడే ఆగింది. మా ఆయన మేస్త్రీ వైపు తిరిగి, తప్పుచోట పెట్టావేమో చూడమన్నారు. "లేదు సార్. గదే జాగా, నూలంత సుత ఫరక్ లేదు" అన్నాడతను. ఇద్దరూ ఆ ఇనుముకేసి తప్పు పట్టే చూపులు చూస్తుంటే అత్తయ్యగారే నవ్వేశారు. "దాన్నేం చూస్తారురా, అది సరిగ్గానే ఉంది. మీ నాన్న కొలిచిన కాలు ఇది కాదు."

అప్పుడు మా ఆయన వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పట్టు కోసం ఆవిడ తన చెయ్యి కొడుకు బట్టతల మీద ఆనించారు. "కష్టపడొద్దమ్మా. హాయిగా ఎంత లేస్తే అంతే చాలు" అన్నారు ఆయన. ఆవిడ పాదం ఎక్కడ ఆగిందో అక్కడ ఆయన గోటితోనే ఒక గీత గీశారు, ఏడాదిన్నర కష్టపడి వేయించిన ఆ రంగు మీద. సాయంత్రానికి మెట్టు ఆ గీత దగ్గరికి దిగింది. ఆవిడ ఒక్క అడుగుతో ఎక్కి, చీర సర్దుకుని, తన సీట్లో కూర్చున్నారు. చర్చికి ఆదివారం దాకా ఆగలేదు, అప్పుడే బయలుదేరదీశారు. తాళం వేసి ఉన్న చర్చి ముందు పది నిమిషాలు ఇంజను ఆపి కూర్చుని వచ్చాం.

ఆ నాలుగు వేళ్ళూ ఒక్కనాడు తగ్గినవి కావు. ఆవిడ రోజూ మా కళ్ళ ముందే తిరుగుతుండగా తగ్గాయి. ఒకే ఇంట్లో ఉంటూ మేం లెక్కపెట్టని ఏళ్ళన్నిటినీ ఆవిడ కాలు ఒక్కటే తప్పకుండా లెక్కపెట్టుకుంటూ వచ్చింది.