రెండు ఊర్లు చాలన్న మా బావ

మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మహబూబాబాద్‌లో మా బడి వరండాలో ఉన్నాను. ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతున్నారు. ఫోనులో అక్క గొంతులో ఏడుపు లేదు. ఎవరికో ఇంటి గుర్తులు చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది.

"తమ్మీ, మీ బావ లేస్తలేడురా. చాయ్ పెట్టి లేపిన. లేస్తలేడు."

పక్కింటివాళ్లు దవాఖానకు తీసుకుపోయారట గానీ అక్కడ చేయడానికి ఏమీ మిగల్లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. నేను జనగామ చేరేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. డిపోలో ఆయనతో పనిచేసిన డ్రైవర్లు, కండక్టర్లు ఖాకీ చొక్కాలతోనే వచ్చారు. డ్యూటీ వేళ అయినవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఆయన కాళ్లకు మొక్కి బస్టాండుకు పోతున్నారు.

ఆయన పేపర్లో ఫోటో పడేంత మనిషి కాదు. ముప్పై ఏళ్లకు పైగా బస్సు నడిపాడు. ఒక్కసారి విదేశం చూశాడు, అదీ నాతో, అక్కతో కలిసి. ఆ ఏడు రోజుల గురించి చెబితే ఆయన గురించి చెప్పినట్టే అనిపించి ఇది రాస్తున్నాను.

బావది తరిగొప్పుల. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టాడు. ఉద్యోగంలో సగకాలం భూపాలపల్లిలో, మిగతా సగం జనగామలో. బండి బయలుదేరడానికి అరగంట ముందే వచ్చి, పాత లుంగీ ముక్కతో అద్దాలు తనే తుడుచుకునేవాడు. ఎంత రద్దీలోనైనా హారన్ తక్కువ కొట్టేవాడు. "హారన్ కొడితె బండి ఉరుకుతదా? గుండె ఉరుకుతది, గంతే" అనేవాడు.

రిటైరైన మర్నాడు ఆయన చేసిన మొదటి పని నాకు బాగా గుర్తుంది. అక్కను తీసుకుని ఘనపూర్ బస్సెక్కాడు. భూపాలపల్లి డ్యూటీల్లో ఆ ఊరి మీదుగా ఏళ్ల తరబడి బండి నడిపాడు. కోటగుళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లను రోజూ అక్కడ దించాడు. తను మాత్రం ఒక్కసారీ దిగలేదు. ఆ రోజు దిగి, ఆ పాత గుడి రాళ్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చారు.

"ఏం చూసినవు బావా?" అని అడిగాను.

"చూసుడేంది? కూసున్నం. బాగనే అనిపిచ్చింది."

శ్రీలంక ఆలోచన నాది. అక్కాబావలిద్దరూ ఎన్నడూ విమానం ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. మా అమ్మాయికి పరీక్షలుండి నా భార్య రానంది. కాబట్టి ముగ్గురం. నేను లెక్కల టీచర్ని, గడులు గీయకుండా ఏ పనీ చేయలేను. పదిహేను రోజులు కూర్చుని ఏడు రోజులకు ఆరు ఊళ్లు పేర్చాను. కొలంబో, సిగిరియా, క్యాండీ, నువరఎలియా, ఎల్ల, గాల్. ఏ గంటకు ఎక్కడ ఉండాలో, ఎక్కడ తినాలో, ఎక్కడ ఫోటో దిగాలో అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితాన్ని బడిలో తోటి టీచర్లకు చూపించాను కూడా. వాళ్లు మెచ్చుకున్నారు.

ఒక ఆదివారం జనగామ పోయి దాన్ని బావ చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు. మళ్లీ మొదటికి వచ్చి చదివాడు.

"గిది డ్యూటీ చార్టు లెక్క ఉన్నది గద బామ్మర్దీ" అన్నాడు.

"అన్నీ కవరైతయి బావా. ఒక్కటి గూడ మిస్ గాదు."

"మంచిగనే రాసినవు. గని దీంట్ల మనం నిలబడేది ఏడ ఉన్నది? అంత ఉరుకుడే ఉన్నది."

పెన్ను తీసుకున్నాడు. కొలంబో కొట్టేశాడు. సిగిరియా కొట్టేశాడు. నువరఎలియా కొట్టేశాడు. ఎల్ల మీద పెన్ను ఆగితే ఉంచుతాడేమో అనుకున్నాను, అదీ కొట్టేశాడు. చివరికి క్యాండీలో నాలుగు రోజులు, గాల్ దగ్గర సముద్రం ఒడ్డున మూడు రోజులు మిగిలాయి.

"రెండు ఊర్లు చాలు. మూడోది పెట్టుకుంటె రెండోది యాదికుండది."

"గంత దూరం పోయి రెండే ఊర్లా? జనం నవ్వుతరు బావా."

"నవ్వనీ. మొదటి రోజు గూడ ఏం పెట్టకు. బండి స్టార్ట్ చేసుడుతోనే గేరు ఎయ్యం గద. జరసేపు ఇంజన్ తిరగనియ్యాలె. ఇంగోటి, రోజుకు ఒక పూట ఖాళీ ఉంచు. ఏదన్న నచ్చితె మళ్ల పోయి చూస్తం."

నా ముఖం మాడిపోయింది. అది చూసి గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి చెప్తా విను. నాకు షుగరచ్చింది. మొన్ననే చూపించుకున్న. మాటిమాటికి బయటికి పోవాలె. నువ్వు రాసినట్టు ఆరేసి గంటలు కార్ల కూసుండుడు నాతోని గాదు. ఊరు మారేటప్పుడు రైలే పెట్టు. రైల్ల అన్నీ ఉంటయి."

షుగరంటే ఇక నేనేం మాట్లాడతాను? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కానీ మనసులో గుర్రుగానే ఉంది. బడిలో ఆరు ఊళ్లని చెప్పుకున్నవాణ్ని, రెండంటే ఎట్లా?

క్యాండీలో మొదటి రోజు బావ అన్నట్టే గడిచింది. హోటల్లో నిద్రపోయాం, సాయంత్రం చెరువు చుట్టూ సగం దూరం నడిచి వెనక్కి వచ్చాం. రెండో రోజు మధ్యాహ్నం కొండల్లో ఒక తేయాకు తోట చూద్దామని కారు మాట్లాడాను. అక్కడ తేయాకు ఎట్లా తయారుచేస్తారో చూపిస్తారని, సాయంత్రం నాలుగింటికి మూసేస్తారని ముందే చదివి పెట్టుకున్నాను.

కారు ఊరు దాటి అరగంట కాలేదు, బావ నా భుజం తట్టాడు. "జర ఆపుమను."

చాయ్ దుకాణం ముందు ఆగాం. బావ దిగి, "నువ్వు గూడ దిగు, కాళ్లు సాగుతయి" అని అక్కను దించాడు. మరో ముప్పావు గంటకు మళ్లీ ఆపించాడు. అప్పుడూ అక్కను దించాడు. మూడోసారి భుజం తట్టినప్పుడు నాకు ఓపిక పోయింది.

"గిట్లయితె ఏడ చేరుతం బావా? గంతగనం ఉన్నోనివి మందులేసుకొని రావద్దా?"

అన్నాక తెలిసింది, గొంతు ఎంత పెద్దదైందో. కారు డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. బావ కోపం తెచ్చుకోలేదు.

"ఏం జేస్తం బామ్మర్దీ. వయసైంది గద" అని దిగి, అక్కను కూడా దించాడు.

మేం వెళ్లేసరికి గేటు వేస్తున్నారు. బయట నిలబడి నాలుగు ఫోటోలు తీసుకుని వెనక్కి తిరిగాం. దారంతా నేను ఫోనులో సిగిరియా ఫోటోలు చూసుకున్నాను. అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున, నేనొక్కణ్నే కారు కట్టించుకుని సిగిరియా పోవాలని నిర్ణయించుకున్నాను. ఆ మాట చెబుదామని గదికి పోతే బావ లేడు. బస్టాండుకు పోయాడంది అక్క. ముందురోజు కూడా తెల్లవారగానే అక్కడికే పోయాడట. వెతుక్కుంటూ పోయాను.

బస్టాండు పక్క చాయ్ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న ఆయన వీపు కనబడింది. పక్కన ఆ ఊరి బస్సు డ్రైవరొకాయన. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బావ కుడిచేత్తో లేని స్టీరింగు తిప్పుతూ, ఎడమచేత్తో లేని గేరు మారుస్తూ ఏదో చెబుతున్నాడు. ఆ డ్రైవరు పకపకా నవ్వుతున్నాడు. ఇంతలో చాయ్ వచ్చింది. బావ చక్కెర డబ్బా దగ్గరికి లాక్కుని, ఒక చెంచా, రెండు చెంచాలు, మళ్లీ సగం చెంచా వేసుకుని, కలుపుకుని తృప్తిగా తాగాడు.

హోటల్లో నా ముందు మాత్రం పొద్దున, సాయంత్రం చక్కెర లేని చాయ్ ముఖం చిట్లించుకుంటూ తాగిన మనిషి.

పిలవకుండా వెనక్కి వచ్చేశాను. అక్క గది బయట కుర్చీలో కూర్చుని జడ వేసుకుంటోంది.

"అక్కా, బావ ఏం జేస్తున్నడో తెలుసా? గంత షుగరు పెట్టుకొని రెండున్నర చెంచాల చక్కెర తాగుతున్నడు!"

అక్క చేతులు జడలోనే ఆగిపోయాయి.

"మీ బావకు షుగర్ ఏడిదిరా?"

"మరి నాతోని చెప్పిండు గద?"

అక్క నా వైపు చూడకుండానే చెప్పింది.

"నాకోసం చెప్పిండు. నాకే ఆగదు తమ్మీ. రెండేండ్లాయె. అరగంట, ముప్పావు గంట, అంతకు మించి ఆగదు. యాడికన్న పోవాలంటె పొద్దుగాల నుంచి నీళ్లు తాగుడు బందు వెడత. నాలుక పిడచ గట్టినా తాగ. తమ్ముని ముంగట, తెలువనోళ్ల కార్ల, ఆపుమని ఎట్ల చెప్పాలెరా? నేను రానే రానన్న. మీ బావ 'నువ్వు నీళ్లు తాగు, ఆపుడు సంగతి నాకిడిశిపెట్టు' అన్నడు."

ఆమె చేతులు మళ్లీ జడ అల్లడం మొదలుపెట్టాయి.

"ఆయన ఇయ్యాల కొత్తగ చేస్తలేడు" అంది అక్క. "భూపాలపల్లిల ఉన్నప్పుడు మొగుళ్లపల్లి బస్సు నడిపెటోడు. మిర్చి ఏరబోయే ఆడోళ్లు నిండుగ ఎక్కుతుండె. బస్సు ఆపుమని మొగోళ్ల ముంగట ఎవరడుగుతరు? మీ బావనే ఒక చెట్ల సాటుకు బండి ఆపి, దిగి, టైర్లు తట్టుకుంట చుట్టు తిరిగెటోడు. కండక్టరు ఏమైందన్నా అంటె, గాలి తక్కువున్నట్టున్నది అనెటోడు. ఆడోళ్లు మెల్లగ దిగి పోయొచ్చెటోళ్లు. అందరు ఎక్కినంక, గాలి మంచిగనే ఉన్నది తియ్ అని బండెక్కెటోడు. నేను గూడ ఒకపారి గా బస్సుల ఉన్న. గప్పుడు సమజైంది నాకు."

నిన్న కారులో నా గొంతు ఎంత పెద్దగా లేచిందో మళ్లీ వినబడింది. అక్క పక్కన కూర్చుని, ఏం చేయాలో తోచక, ఆమె జడ చివర రబ్బరు బ్యాండు నేను వేశాను. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ వేయలేదు.

సిగిరియా పోలేదు. ఆ సాయంత్రం ముగ్గురం చాయ్‌కి కూర్చున్నప్పుడు, బావ కప్పులో నేనే రెండున్నర చెంచాల చక్కెర వేసి కలిపి ముందు పెట్టాను.

"ఈ దేశంల చక్కెరతోని షుగరోళ్లకు ఏం గాదంట బావా. అడిగిన."

బావ కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "గట్లనా? మంచి దేశమే" అని తాగాడు. ఆ సంగతి మా మధ్య అంతటితో అయిపోయింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆయన అబద్ధం బయటపడుతుంది, అక్క తల వంచుకోవాల్సి వస్తుంది.

క్యాండీలో మిగిలిన సమయం ఎట్లా గడిచిందంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక పూట బడికిపోయే పిల్లల తెల్లబట్టలు చూస్తూ చెరువు గట్టున కూర్చున్నాం. ఇంకో పూట కూరగాయల మార్కెట్లో తిరిగి, మన దగ్గర లేని కాయల పేర్లు అడిగి మర్చిపోయాం. బావ స్నేహితుడైన ఆ డ్రైవరు, ఆగి ఉన్న తన బస్సులో డ్రైవరు సీటు మీద బావను కూర్చోబెట్టాడు. బావ స్టీరింగు మీద చేతులు పెట్టి, అద్దం కొంచెం సర్దబోయి, తన బండి కాదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ డ్రైవరు మాత్రం, సర్దుకోమన్నట్టు తల ఊపాడు.

ఇప్పుడు బడిలో ఎవరైనా మొదటిసారి విదేశం పోతూ నా దగ్గరికి కాగితం తెస్తే, అందులో ఊళ్లు లెక్కపెట్టను. మీతో వచ్చేవాళ్లలో పెద్దవాళ్లెవరు, వాళ్లకు ఏది కష్టం, అది నోరు విడిచి చెప్పగలరా అని అడుగుతాను. చాలామంది ఆ సంగతి ఆలోచించి ఉండరు. నేనూ ఆలోచించలేదు కదా.

ఆ ప్రయాణమై ఏడాది కాకముందే బావ పోయాడు. పదో రోజున చుట్టాలు ఆయన గురించి తలా ఒక మాట చెప్పుకుంటుంటే నాకు సముద్రం ఒడ్డున గడిపిన చివరి సాయంత్రం కళ్లముందు మెదులుతూనే ఉంది.

అక్క మొదటిసారి సముద్రంలో దిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి ఉరికి, అది పోగానే మళ్లీ ముందుకు పోతూ, చిన్నపిల్లలా అరుస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. బావ ఒడ్డున ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నిలబడ్డాడు. మా ముగ్గురి చెప్పులూ ఆయన చేతివేళ్లకు వేలాడుతున్నాయి. పొద్దు వాలుతోంది. రైలుకు ఇంకా చాలా సమయం ఉన్నా, అలవాటు కొద్దీ నేనే కేకేశాను.

"పోదామా బావా?"

"పోదాం తియ్" అన్నాడు.

అని, అక్కణ్నుంచి కదల్లేదు. అలలు వచ్చి ఆయన పాదాల కింది ఇసుకను కొంచెం కొంచెంగా లాక్కుపోతుంటే, చెప్పులు తడవకుండా చెయ్యి కొద్దిగా పైకెత్తి, అక్కనే చూస్తూ నిలబడ్డాడు.