నరసింహ వెదకని చోటు

నౌసోరిలో నరసింహను మెచ్చుకునేవాళ్లు రెండు మాటలు కలిపే చెబుతారు: మంచి మెకానిక్కు, గొప్ప భక్తుడు. ఒకదానికొకటి తోడని వాళ్ల నమ్మకం. కాంత కారు విషయంలో మాత్రం భక్తి మెకానిక్కు కళ్లు మూసింది.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మూడు నాలుగేళ్లకు జరిగిన సంగతి ఇది. నరసింహ తాత చెరకు తోటల్లోకి గిర్మిట్ ఒప్పందం మీద కూలీగా వచ్చినవాడు. మనవడు చెరకు జోలికి పోలేదు, మార్కెట్ వెనక రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. ఏటా అమ్మవారి నిప్పుల గుండం అందరికంటే ముందు తొక్కేది అతనే. గుండం దిగి వచ్చాక జనం తమ బళ్లకు అతని చేత పసుపు బట్ట కట్టించుకునేవారు. ఆ బట్ట తనంతట తాను ఊడేదాకా ఎవరూ తియ్యకూడదు.

కాంత రేవా నది ఎగువన ఒక బడిలో టీచరు. బస్సు అక్కడికి బడి వేళకు చేరదు. అందుకని పాత చిన్న కారు ఒకటి కొనుక్కుంది. ఆమె కారు నడపడం భర్త ముకేష్‌కు గిట్టదు. కారు నడిచినన్నాళ్లే ఉద్యోగం, అది మూలపడితే ఇంట్లో కూర్చోవాలని షరతు పెట్టాడు. ఆ ఏడు గుండం అయ్యాక కాంత కూడా కారు తెచ్చింది. నరసింహ బట్టను నాలుగు మడతలు పెట్టి, కారు ముందరి గ్రిల్లు మొత్తం కప్పేలా బిగించి కట్టాడు.

ఆ వారమే కారు మొరాయించింది. ఎత్తు ఎక్కితే చాలు, వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటేది, రేడియేటర్ ఆవిర్లు కక్కేది, ఇంజన్ టక్కున ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. నరసింహ హోసులు మార్చాడు, రేడియేటర్ కడిగాడు, ఫ్యాను బెల్టు బిగించాడు, కార్బురేటర్ విప్పి దులిపాడు. షెడ్డులో బానెట్ ఎత్తి ఎంతసేపు నడిపినా ఇంజన్ చల్లగానే ఉండేది. కాంత రోడ్డెక్కితే మళ్లీ అదే రోగం. పని మొదలుపెట్టే ముందు అతను రోజూ ఆ బట్టకు దణ్ణం పెట్టుకునేవాడు. అది కంటికి ఆనక కాదు, అక్కడ వెదకొచ్చని తోచలేదు.

చివరికి ముకేష్ ముందు తీర్పు చెప్పాడు: బండిలో లోపం లేదు, అమ్మాయి క్లచ్చి మీంచి కాలు తియ్యదు. ముకేష్‌కు తెలుగు రాదు కనక ఆ మాట హిందీలోనే చెప్పాడు. తన కాలు అక్కడ ఉండదని కాంత అన్నది ఎవరి చెవినా పడలేదు. కారు అమ్మేయ్ కాకా అన్నాడు ముకేష్. సోమవారం కాంత హెడ్మాస్టరుకు ఉద్యోగం మానేస్తున్నట్టు చెప్పాలి.

కొనేవాడికి చూపిద్దామని నరసింహ కారును సువా దారి పట్టించాడు. ఎత్తులో అది అతని కింద కూడా ఉడికి ఆగింది. క్లచ్చి మీద ఏ కాలూ లేదు. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు మీద తడిగుడ్డ వేస్తే స్టార్టయింది. అంటే వేడికి పైపులో పెట్రోలే ఆవిరైపోతోంది. మరి ఆ వేడి ఎక్కడిది? బానెట్ ఎత్తితే గాలి పైనుంచి దిగుతుంది, మూస్తే ముందునుంచే రావాలి. ముందుకు నడిచి వెళ్లి చూశాడు. తన ముడే.

లెంపలేసుకుని విప్పాడు. అదే ఎత్తు మళ్లీ ఎక్కాడు. ముల్లు కదల్లేదు. అమ్మవారు ఏమనుకుంటుందోనన్న బెంగ అంతలోనే తీరింది. కాంత మొహం ఎలా చూడాలన్నది తీరలేదు.

సాయంత్రం వాళ్లింటికి కారు తోలుకొచ్చి, నీళ్ల పంపు పోయింది, మార్చానని అబద్ధం చెప్పాడు. పరువు దక్కుతుందనుకున్నాడు. ముకేష్ భార్య వైపు తిరిగి, నీళ్లు చూసుకోకుండా తోలితే పంపు పోక ఏమవుతుందని దెప్పాడు. నరసింహ తల వంచేశాడు.

కాంత బోసిగా ఉన్న గ్రిల్లునే చూస్తోంది.

"బట్ట ఊడిందా మామా?"

"నేనే తీసినా అమ్మా," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. "అది గాలిని లోపలికి పోనియ్యలే. పంపు మంచిగుంది. తప్పు నాదే."

"క్యా బోలా?" అన్నాడు ముకేష్.

కాంత నరసింహ వైపే తిరిగి ఉంది. "హిందీలో చెప్పు మామా. తప్పు నా కాలు మీద పెట్టింది హిందీలో గదా."

నరసింహ చాలాసేపు నిలబడ్డాడు. నిప్పుల మీద అంతసేపు ఎన్నడూ నిలబడి ఉండడు.

"కపడా హమ్ బాంధా," అన్నాడు. "కాంతా కే గల్తీ నై రహా."

కారును ఆపింది నరసింహ కట్టిన బట్టేననీ, కాంత తప్పు లేదనీ ముకేష్‌కు ఇప్పుడు అర్థమైంది. పోనీలే కాకా, కూర్చో, చిప్పెడు యాంగోనా తాగుదామంటూ తాళం కోసం చెయ్యి చాపాడు. నరసింహ తాళం కాంత చేతిలో పెట్టాడు, యాంగోనాకు కూర్చోలేదు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లింది.

సోమవారం పొద్దున కాంత కారు తోలుకుంటూ షెడ్డు ముందు నుంచే బడికి పాఠాలు చెప్పడానికి పోయింది. నరసింహ ఎవరిదో బండి బానెట్ కిందికి తల దూర్చాడు. చప్పుడు మలుపు దాటేదాకా పైకెత్తలేదు.