గలీనా మాటకు నా గొంతు

2022 ఎండాకాలం. హనుమకొండలో నాకొక చిన్న ఆఫీసు ఉంది. రష్యాకు డాక్టర్ చదువుకు పోయే పిల్లల సర్టిఫికెట్లు అనువాదం చేస్తాను, అవసరమైతే మనిషికీ మనిషికీ మధ్య కూర్చుని ఇంటర్‌ప్రెటింగ్ చేస్తాను. అంటే ఒకరు రెండు వాక్యాలు చెప్పి ఆగితే, అదే మాట రెండోవాళ్ల భాషలో చెప్పడం. అందులో ఒక నియమం ఉంది. అవతలివాళ్లు ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే అనాలి. ‘ఆమె అంటోంది’ అని తప్పుకోకూడదు.

పక్కనే వరంగల్‌లోని మట్టెవాడ నుంచి రాజేశ్వరి అనే ఆమె వచ్చింది. వాళ్లది ఇత్తడి సామాన్ల దుకాణం. భర్త సుదర్శన్ రిటైరైన ఇంజనీరు, సోవియట్ రోజుల్లో లెనిన్‌గ్రాడ్‌లో చదువుకున్నాడు.

“ఆయన ఆదివారం ఆదివారం రష్యా ఆమెతోని వీడియోల మాట్లాడుతాండు మేడం. నవ్వుతాండు గూడ. నాతోని అట్ల నవ్వి ఎన్నేండ్లాయె! మీరు వంటింట్ల కూసోని వినుండ్రి. ఏమంటాందో నాకు చెప్పుండ్రి.”

“చాటుంగ వినుడు నా పని కాదక్కా. వాళ్లిద్దరు ఒప్పుకుంటే ముందట కూసుంట.”

ఆమె అలిగి వెళ్లిపోయింది. కానీ ఆ వారంలోనే సుదర్శన్ గారే ఫోన్ చేశారు. “రామ్మా. రాజేశ్వరి నీ దగ్గరికొచ్చినట్టు చెప్పింది. నేను చెప్తే నమ్మది, ఆమెకు ఎట్ల చెప్పాల్నో నాకే సమజైతలేదు.”

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఫోన్ తెర మీద కనిపించిన ఆ రష్యా ఆమె, గలీనాకు తల పూర్తిగా నెరిసింది. నేనెవరో, ఎందుకు కూర్చున్నానో చెబితే ఒప్పుకుంది. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది, నేను తెలుగులో అన్నాను.

“నేను మీ ఆయన క్లాస్‌మేట్‌ను. విదేశీ విద్యార్థులు ఎవరిని కలుస్తున్నారో చూసి చెప్పమని భద్రతా విభాగం వాళ్లు నన్ను పెట్టారు. మా ల్యాబ్‌లో కొత్త రకం ఉక్కు తయారయ్యేది. దాని గుట్టు కోసం పశ్చిమ దేశాల మనిషి ఒకడు మీ ఆయన వెంటపడ్డాడు. చెబితే వాళ్ల దేశంలో సీటు ఇప్పిస్తానన్నాడు. మీ ఆయన చెప్పలేదు. కానీ వాళ్లిద్దరూ కలవడం నేను చూశాను. ఆ సంగతి పైకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన జైల్లో ఉండేవాడు. నేనేదో దాచానని తర్వాత ఆ విభాగం వాళ్లకు అనుమానం వచ్చి నన్ను దూరపు ఊరికి పంపేశారు.”

“అప్పుడు నాకు చెప్పకుండ ఎటో పోయిందనుకున్న. ఈ ఏడాదే అసలు సంగతి తెలిసింది,” అన్నారు సుదర్శన్ గారు తల వంచుకుని.

రాజేశ్వరి ఆయన వైపు చూడలేదు. “అడుగు చెల్లె. ఈయన మీద మనసు పడ్డదా లేదా?”

అడిగాను. గలీనా రష్యన్‌లో చెప్పింది. ఆ భాష వచ్చిన సుదర్శన్ గారికి ఆమె జవాబు నేను అనకముందే అర్థమైపోయింది. మెత్తగా మార్చి చెబుదామా అని నా నాలుక ఒక్క క్షణం తడబడింది. చివరికి ఉన్నదున్నట్టే అన్నాను.

“ఆయన్ను చూడమని నన్ను పంపారు. చూస్తూ చూస్తూ ఇష్టపడ్డాను. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.”

రాజేశ్వరి నా ముఖంలోకే చూసింది, ఆ ఇష్టపడ్డది నేనే అన్నట్టు. కాసేపటికి కళ్లు తుడుచుకుంది.

“ప్రేమ లేఖలు రాసుకున్నరంటే కొట్లాడేదాన్ని. గీయన కోసం ఆమె బతుకే ఆగం చేసుకున్నది. నేనేం పోగొట్టుకున్న? దీనికి ఎట్ల కొట్లాడాలె?”

“నువ్వు నాతోని బతికినవు గదా రాజీ,” అన్నారాయన.

“జర ఆగు నువ్వు.” నా వైపు తిరిగింది. “చెప్పు చెల్లె. ఇగ ప్రతి ఆదివారం నేను గూడ కూసుంట అని.”

ఆ మాటనూ ‘నేను’ అనే రష్యన్‌లో చెప్పాను. గలీనా నవ్వి తలూపింది.

వంటింట్లో చాటుగా విని ఉంటే, ఆ ఆదివారం ఎంత మాట నా చెవిన పడితే అంతే మోసుకొచ్చేదాన్ని. ‘ఇష్టపడ్డాను’ అన్న ఒక్క ముక్క చాలు, ఒక కాపురం కూలడానికి. ఒకరి ముందు కూర్చుని వినలేని మాటను వాళ్ల చాటున వినకూడదని నాకు అప్పుడు ఇంకా బాగా తెలిసింది. ఇప్పటికీ అలాంటి పని ఎవరు అడిగినా ముఖం మీదే వద్దంటున్నాను.

తర్వాతి వారం రాజేశ్వరి మళ్లీ నా ఆఫీసుకు వచ్చింది, పలక పట్టిన బడిపిల్లలా కొత్త నోట్‌బుక్ పట్టుకుని.

“నాకు రష్యన్ నేర్పు చెల్లె. ఆమె ఏమంటాందో నేనే వినాలె. మధ్యల ఎవలూ వద్దు, నువ్వు గూడ వద్దు.”

అంత పట్టుదలగా చదివిన విద్యార్థి నాకు మళ్లీ దొరకలేదు.